జాజ్ డాన్స్ మొదటి అడుగులు: బరువు ఏ కాలి మీద ఉంది?

నేను జాజ్ క్లాసులో చేరిన మొదటి వారం. అందరూ కుడికి వెళ్తుంటే నేను ఎడమకు వెళ్లి పక్కావిడను గుద్దేశాను. అడుగులు మర్చిపోయాననుకుని, సారీ చెప్పి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటున్నాను. మాస్టర్ పాట ఆపి ఒకే ప్రశ్న అడిగారు: "ఇప్పుడు మీ బరువు ఏ కాలి మీద ఉంది?" నాకు తెలియలేదు. రెండు కాళ్ల మీదా సగం సగం వేసుకుని నిలబడ్డాను. అలా నిలబడితే తర్వాత లేవాల్సిన కాలు ఏదో శరీరానికి ఎలా తెలుస్తుంది?

అప్పటి నుంచి కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తున్నాను. అడుగుల పేర్లు వారం రోజుల్లో నోటికి వచ్చేస్తాయి. అడుగు అయిపోయేసరికి బరువు ఎటు చేరింది, ఏ కాలు ఖాళీగా ఉంది అన్నది పట్టుబడటానికే టైమ్ పడుతుంది. అందుకే కింద దాదాపు ప్రతి అడుగు చివరా ఆ లెక్క కూడా రాశాను. చదివేసి వదిలేయకుండా లేచి నిలబడి చేసి చూడండి.

మోకాళ్లు ఎందుకు వంచాలి

జాజ్ డాన్స్ అమెరికాలోని నల్లజాతి వారి మధ్య పుట్టింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి నాట్య రీతులు తరతరాలుగా మారుతూ వచ్చి, 1920ల్లో చార్ల్‌స్టన్ అనే డాన్స్‌గా దేశమంతా పాకాయి. 1926లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ లాంటి చోట్ల జంటగా ఆడే లిండీ హాప్‌గా ఊపందుకున్నాయి. వంగిన మోకాళ్లు, నేల వైపు దిగిన బరువు, ఒంట్లో ఒక్కో భాగం విడివిడిగా తాళం పట్టడం ఆ మూలం నుంచి వచ్చినవే. బ్యాలే నేలను వదిలి పైకి తేలాలని చూస్తుంది. జాజ్ నేలను వాడుకుంటుంది. మోకాళ్లు నిటారుగా బిగించి జాజ్ అడుగులు వేస్తే డ్రిల్లు చేస్తున్నట్టు ఉండటానికి కారణం ఇదే.

ఇంకో ముచ్చట. రంగస్థల జాజ్ డాన్స్‌కు పితామహుడని పేరున్న జాక్ కోల్ భరతనాట్యం నేర్చుకుని, ఆ కదలికలను స్వింగ్ అనే జాజ్ సంగీతానికి జోడించాడు. కాబట్టి అరమండి అలవాటున్నవారికి మోకాళ్లు వంచి ఉంచడం కష్టం కాదు. కాకపోతే అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి, జాజ్‌లో ఎక్కువ భాగం పాదాలూ మోకాళ్లూ సూటిగా ముందుకే చూడాలి. శాస్త్రీయ నృత్యం నేర్చుకున్నవారు ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి కాస్త తంటాలు పడతారు.

కావలసినవి

ఎక్కువేం లేవు. రెండు చేతులూ చాపి నాలుగు అడుగులు అటూ ఇటూ వేయగలిగినంత చోటు ఉంటే సరిపోతుంది. మోకాళ్లు కనిపించే బట్టలైనా, ఒంటికి అంటుకుని ఉండే ప్యాంటైనా వేసుకోండి. వదులు ప్యాంటులో మోకాలు వంగిందో లేదో మీకే తెలియదు. నున్నటి నేల మీద సాక్సులతో మాత్రం చేయొద్దు, తిరిగేటప్పుడు కాలు జారుతుంది. రబ్బరు అడుగున్న రన్నింగ్ షూస్‌తో అందుకు ఉల్టా సమస్య. పాదం నేలకు పట్టేసి, ఒళ్లు తిరిగినా మోకాలు తిరగదు, మెలిక పడుతుంది. మొదట్లో ఒట్టి కాళ్లే మేలు. సీరియస్‌గా కొనసాగించాలనుకుంటే అప్పుడు జాజ్ షూస్ కొనుక్కోండి. పలచటి తోలుతో, అడుగుభాగం ముందూ వెనకా రెండు ముక్కలుగా ఉంటాయి కాబట్టి పాదం బాగా వంగుతుంది.

కాళ్ల కంటే ముందు చెవులు

మొదటి రోజు అడుగులు వేయకండి, లెక్క వినండి. డాన్సర్లు ఎనిమిది బీట్లను ఒక కట్టగా లెక్కపెడతారు. 1 నుంచి 8 దాకా, మళ్లీ 1. మొదలుపెట్టే ముందు "5, 6, 7, 8" అనేది పాత కట్ట చివరి సగం. దాని మీద ఊపిరి తీసుకుని సిద్ధమైతే 1 మీద దిగొచ్చు.

నిమిషానికి 100 బీట్ల చుట్టూ ఉన్న పాట ఏదైనా పెట్టుకోండి. డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీ బృందాల స్వింగ్ దొరికితే భేషుగ్గా ఉంటుంది, లేకపోతే డ్రమ్స్ స్పష్టంగా వినిపించే ఏ పాప్ పాటైనా పర్లేదు. కాళ్లతో ప్రతి బీట్‌కూ అక్కడే నడుస్తూ 2, 4, 6, 8 మీద మాత్రమే చప్పట్లు కొట్టండి. చాలామంది చేతులు తెలియకుండానే 1, 3 మీదకు జారిపోతాయి. జాజ్ ఊపు 2, 4 మీద ఉంటుంది. అది ఒంటబట్టే దాకా ఇదే చేయండి, రెండు రోజులు పట్టినా నష్టం లేదు.

రెండు బీట్ల మధ్య ఖాళీని "అండ్" అంటాం. "1-అండ్-2" అంటే రెండు బీట్ల నిడివిలో మూడు కదలికలు. స్వింగ్ పాటలో ఈ అండ్ సరిగ్గా మధ్యలో పడదు, కొంచెం ఆలస్యంగా, రెండో బీట్‌కు దగ్గరగా పడుతుంది. నోటితో "ఒకటీ...అండ్-రెండూ" అని సాగదీసి అంటే దాని రుచి తెలుస్తుంది. లెక్క నోటితో పైకి అనండి. మనసులో లెక్కపెడితే కష్టమైన చోట మనకు తెలియకుండానే స్పీడు తగ్గించేస్తాం.

వార్మప్, ఐసొలేషన్

పది నిమిషాల వార్మప్ మానొద్దు. అక్కడే నడక, చీలమండలు గుండ్రంగా తిప్పడం, ఆ తర్వాత ఎనిమిది ప్లియేలు. ప్లియే అంటే మడమలు నేలకు ఆనించి మోకాళ్లు వంచడం. మోకాలు లోపలికి వాలకుండా కాలి రెండో వేలికి సూటిగా రావాలి. తర్వాత ఎనిమిదిసార్లు మడమలు ఎత్తి ముందరి పాదం మీద నిలబడండి. ముందరి పాదం అంటే వేళ్ల కొసలు కాదు, వేళ్ల మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగం. ఇకపై ఈ మాట చాలాసార్లు వస్తుంది. ఎక్కువసేపు సాగదీసి పట్టుకునే స్ట్రెచ్‌లు ప్రాక్టీస్ అయ్యాక, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు చేసుకోండి.

ఇక ఐసొలేషన్. ఒంట్లో ఒక్క భాగం కదులుతుంటే మిగతాదంతా కదలకుండా ఉండటం. 1930ల్లో కరీబియన్ దీవులకు వెళ్లి అక్కడి నృత్యాలను అధ్యయనం చేసిన అమెరికన్ నర్తకి కేథరిన్ డన్‌హామ్ తన పద్ధతిలో దీనికి పెద్దపీట వేసింది. నేటికీ చాలా జాజ్ క్లాసులు దీనితోనే మొదలవుతాయి.

తలతో మొదలుపెట్టండి: కుడికి చూపు, మధ్యకు, ఎడమకు, మధ్యకు. తర్వాత భుజాలు: పైకి, కిందికి, ముందుకు, వెనక్కి. ఈ రెండూ సులువే. తుంటి కూడా వస్తుంది, మోకాళ్లు వంచి ఉంచితే. నిటారు కాళ్లతో తుంటి కదలడానికి చోటే ఉండదు.

తిప్పలన్నీ పక్కటెముకల దగ్గరే. ఛాతీని కుడికి జరపమంటే కొత్తవాళ్లు నడుము వంచి మొత్తం కుడికి వాలిపోతారు. నేనైతే మూడు వారాలు అలాగే వాలాను, అద్దంలో ఛాతీ జరుగుతున్నట్టే కనిపించింది కూడా. చివరికి దారి చూపింది కుర్చీ. కుర్చీ అంచున నిటారుగా కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. ఇప్పుడు తుంటి కుర్చీకి అతుక్కుపోయింది, ఎటూ పోలేదు. రెండు చేతులూ పక్కలకు చాపి, కుడిచేతి వేళ్లను ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఊహించుకోండి. భుజాలు ఒకే ఎత్తులో ఉండాలి, ఒకటి కిందికి దిగితే వాలుతున్నట్టు లెక్క. ఒక అంగుళం జరిగినా చాలు. మధ్యకు రండి, ఎడమకు జరపండి. కూర్చుని వచ్చాక నిలబడి చేయండి.

అడుగులు

*స్టెప్ టచ్.* కుడికాలు కుడివైపు వేయండి, ఎడమకాలిని దాని పక్కకు తెచ్చి ఆనించండి. ఆనించడమే, బరువు వేయకూడదు. మళ్లీ ఎడమవైపు. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ, నేను పక్కావిడను గుద్దింది ఇక్కడే. ఆనించాల్సిన కాలి మీద బరువు వేసేశాను. "టచ్" అని వినపడిన ప్రతిసారీ ఆ కాలు వెంటనే మళ్లీ లేవాలని గుర్తుపెట్టుకోండి. చెక్ చేసుకోవడం తేలిక: టచ్ మీద ఆగి, ఆనించిన కాలిని గాల్లోకి ఎత్తండి. ఒళ్లు ఊగకుండా లేస్తే సరిగ్గా చేసినట్టే.

*జాజ్ వాక్.* మామూలు నడకలో మడమ ముందు పడుతుంది. ఇక్కడ మోకాళ్లు వంచి, పాదాన్ని నేలకు రాస్తూ ముందుకు జరిపి, ముందరి పాదం ఆనించి తర్వాత మడమ దించాలి. తల ఎత్తు మారకూడదు. నెత్తిన నీళ్ల గ్లాసు పెట్టుకుని నడుస్తున్నట్టు అనుకోండి.

*షాసే.* ఒక కాలు ఇంకో కాలిని తరిమినట్టు ఉంటుంది. కుడికాలు పక్కకు (1), ఎడమకాలు వచ్చి దాని పక్కన చేరగానే (అండ్), కుడికాలు మళ్లీ పక్కకు (2). మూడుసార్లు బరువు మారింది కాబట్టి చివర బరువు కుడికాలి మీద, ఎడమకాలు ఖాళీ.

*కిక్ బాల్ ఛేంజ్.* జాజ్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన అడుగు ఇది, అందుకే కాసేపు ఇక్కడే ఉంటాను. ముందు కిక్ మర్చిపోయి బాల్ ఛేంజ్ ఒక్కటే నేర్చుకోండి. బరువు ఎడమకాలి మీద ఉంది. కుడి ముందరి పాదాన్ని ఎడమ మడమకు కాస్త వెనక నేలకు ఆనించి, దాని మీద క్షణం పాటు బరువు వేయండి. ఆ క్షణంలో ఎడమపాదం నేల మీంచి చిన్నగా లేస్తుంది. వెంటనే ఎడమపాదం ఉన్నచోటే మళ్లీ దిగుతుంది. "అండ్-2" అంతే. కాలిన ఇసుక మీద కాలు పెట్టి చటుక్కున తీసినట్టు ఉండాలి. వెనక పెట్టిన కాలి మడమ నేలకు తగిలిందంటే లేటైనట్టే. మడమ దిగి మళ్లీ లేచేంత టైమ్ "అండ్"లో లేదు.

అది పదిసార్లు వరసగా వచ్చాక ముందు కిక్ చేర్చండి. కుడికాలు ముందుకు చిన్న కిక్ (1), వెనక్కి తెచ్చి ముందరి పాదం (అండ్), ఎడమకాలు (2). కిక్ మోకాలి ఎత్తు దాటక్కర్లేదు. ఎత్తుగా తన్నితే కాలు వెనక్కి రావడానికి దూరం పెరిగి లెక్క తప్పుతుంది. తన్నేటప్పుడు వేళ్లు ముందుకు చాపి ఉంచండి, పై శరీరం వెనక్కి వాలనివ్వకండి. చివర బరువు ఎడమకాలి మీద, కుడికాలు ఖాళీ. అంటే ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే వచ్చారు. అందుకే దీన్ని ఎన్నిసార్లైనా వెంట వెంటనే అదే కాలితో చేయొచ్చు.

*జాజ్ స్క్వేర్.* నేల మీద ఒక చదరం ఉందనుకోండి. కుడికాలు ఎడమకాలి మీదుగా ముందుకు అడ్డం (1), ఎడమకాలు వెనక్కి (2), కుడికాలు పక్కకు (3), ఎడమకాలు ముందుకు (4). నాలుగూ నిజమైన అడుగులే, టచ్ లేదు. చివర కుడికాలు ఖాళీ. అందరూ చేసే తప్పు, 1 మీద అడ్డం వేసేటప్పుడు తుంటి కూడా తిప్పేయడం. కాలు మాత్రమే అడ్డం వెళ్లాలి, ఛాతీ ముందుకే చూడాలి.

*గ్రేప్‌వైన్.* కుడికాలు పక్కకు, ఎడమకాలు వెనకగా, కుడికాలు పక్కకు, ఎడమకాలు టచ్. ఎడమవైపు కూడా ఇంతే.

*పా డె బూరే.* పేరు ఫ్రెంచి, బ్యాలే నుంచి వచ్చింది, భయపడాల్సిందేమీ లేదు. వెనక, పక్క, ముందు. ఎడమకాలు కుడికాలి వెనకగా (1), కుడికాలు పక్కకు (అండ్), ఎడమకాలు ముందుకు (2). మొదటి రెండూ ముందరి పాదం మీద, మూడోది మోకాలు వంచి పూర్తి పాదం మీద. పైకి, పైకి, కిందికి అనుకుంటే లయ కుదురుతుంది. చివర బరువు ఎడమకాలి మీద.

*పివట్.* కుడికాలు ముందుకు వేసి (1), రెండు పాదాలూ నేల మీదే ఉంచి ముందరి పాదాల మీద ఎడమవైపుగా సగం తిరిగి బరువు ఎడమకాలికి మార్చండి (2). వీపు వెనక ఉన్న గోడ ఇప్పుడు ముందుకొచ్చింది. ఇంకోసారి చేస్తే మొదటి దిక్కుకే వస్తారు.

తల తిరగకుండా తిరగడం

పూర్తి చుట్లకు ముందు స్పాటింగ్ నేర్చుకోవాలి. కంటి ఎత్తున గోడ మీద చిన్న కాగితం ముక్క అంటించండి. కాళ్లతో చిన్న చిన్న అడుగులు వేస్తూ నిదానంగా కుడికి తిరగండి, కళ్లు మాత్రం కాగితం మీదే ఉంచండి. మెడ ఇంక తిరగలేని చోట తలను చటుక్కున తిప్పి, ఒంటి కంటే ముందే మళ్లీ కాగితాన్ని పట్టుకోండి. తల చివరగా బయల్దేరి మొదటగా చేరాలి. గడ్డం పైకి లేవకుండా చూసుకోండి. అయిదారుసార్లు చేశాక కళ్లు తిరిగినట్టనిపిస్తే ఆగి కూర్చోండి, మొండిగా కొనసాగించి లాభం లేదు.

ఇది వచ్చాక మూడడుగుల చుట్టు: గ్రేప్‌వైన్ దారిలోనే, కుడికాలు పక్కకు వేస్తూ కుడికి తిరగడం మొదలుపెట్టి, ఎడమకాలి అడుగుతో వీపు ముందుకు వచ్చి, మళ్లీ కుడికాలితో ముందుకు తిరిగి, ఎడమకాలు టచ్. ఒంటికాలి మీద తిరిగే పిరూయెట్‌ను మొదటి నెల ముట్టుకోకండి. వీడియోల్లో అదే ఆకర్షణగా కనిపిస్తుంది, నిజమే. ఒక కాలి ముందరి పాదం మీద ఎనిమిది కౌంట్లు కదలకుండా నిలబడగలిగిన రోజున దాని గురించి ఆలోచించవచ్చు.

చేతులను ఏం చేయాలి

మొదటి వారం చేతులు నడుము మీద పెట్టుకోండి. కాళ్లు కుదిరాక పక్కలకు చాపండి, మోచేతులు వేలాడకూడదు. ఇక్కడ లుయీజీ అనే గురువు చెప్పిన చిట్కా బాగా పనిచేస్తుంది. ఆయన 1946లో కారు ప్రమాదంలో పక్షవాతం బారిన పడి, మళ్లీ డాన్స్ చేయడానికి తనకు తానే వ్యాయామాలు కూర్చుకున్నాడు. తర్వాత అవే ఆయన జాజ్ పద్ధతి అయ్యాయి. చేతుల కింద కనపడని కర్ర ఒకటి ఉన్నట్టు, దాన్ని కిందికి నొక్కి నిలబడుతున్నట్టు అనుకోమంటాడు. చేసి చూడండి, భుజాలు వాటంతటవే దిగి బ్యాలెన్స్ కుదురుతుంది.

వేళ్లు విప్పి ఆడించే జాజ్ హ్యాండ్స్ అందరికీ తెలుసు. ఎక్కడ పడితే అక్కడ పెడితే నవ్వులాటగా ఉంటుంది.

నాలుగు ఎనిమిదులు కలిపి

బరువు ఎడమకాలి మీద, కుడికాలు ఖాళీగా నిలబడండి.

మొదటి ఎనిమిది: కుడికి స్టెప్ టచ్ (1, 2), ఎడమకు స్టెప్ టచ్ (3, 4), కుడికి గ్రేప్‌వైన్ (5, 6, 7, 8 టచ్).

రెండో ఎనిమిది: ఎడమకు గ్రేప్‌వైన్ (1, 2, 3, 4 టచ్), కుడికాలితో కిక్ బాల్ ఛేంజ్ రెండుసార్లు (5-అండ్-6, 7-అండ్-8).

మూడో ఎనిమిది: కుడికాలితో జాజ్ స్క్వేర్ రెండుసార్లు.

నాలుగో ఎనిమిది: పివట్ రెండుసార్లు (1, 2, 3, 4), కుడికి షాసే (5-అండ్-6), ఎడమకాలితో పా డె బూరే (7-అండ్-8).

చివర బరువు మళ్లీ ఎడమకాలి మీదే ఉంటుంది, కుడికాలు ఖాళీ. కాబట్టి ఆగకుండా మళ్లీ మొదటికి వెళ్లొచ్చు. తప్పు ఎక్కడ పడుతుందో ముందే చెప్తాను: మొదటి ఎనిమిది చివరి టచ్ దగ్గర. అక్కడ బరువు ఎడమకాలి మీద వేసేస్తే, ఎడమకు వెళ్లాల్సినప్పుడు కాలు లేవదు. మీరు కంగారుగా ఒక అడుగు ఎక్కువ వేస్తారు, అక్కడి నుంచి అంతా తలకిందులు.

ముందు పాట లేకుండా, తర్వాత నెమ్మదిగా, ఆపైన పాటతో. వారానికి నాలుగు రోజులు ఇరవై నిమిషాల చొప్పున చేస్తే, ఒకే రోజు రెండు గంటలు ఒళ్లు హూనం చేసుకోవడం కంటే మేలు. కండరాల తీపు మామూలే కానీ, మోకాలిలోనో చీలమండలోనో సూటిగా పొడిచినట్టు నొప్పి వస్తే ఆపేయండి. ఇంకో సంగతి, వీడియో చూసి నేర్చుకుంటుంటే అది అద్దంలోలా తిప్పి తీసినదో కాదో ముందే చూసుకోండి. ఎదురుగా నిలబడిన మనిషి కుడిచేయి మీకు ఎడమవైపు కనపడుతుంది. మీ వీడియో కూడా వారానికొకటి తీసుకోండి. అద్దం ముందు మనల్ని మనం చూసుకుంటూ తెలియకుండానే గడ్డం ఎత్తుతాం, కెమెరా అది దాచదు.

నాలుగు ఎనిమిదులూ పాటతో వచ్చాయనిపించాక ఒక పరీక్ష పెట్టుకోండి. ఇంట్లో ఎవరినైనా, మీకు చెప్పకుండా మధ్యలో పాట ఆపేయమనండి. పాట ఆగిన చోటే ఆగి, ఖాళీగా ఉన్న కాలిని ఎత్తండి. ఏ కాలు ఎత్తాలా అని ఆలోచించాల్సి వచ్చిందంటే, ఆ అడుగు దగ్గరకు వెనక్కి వెళ్లి మళ్లీ చేయండి. ఆలోచించకుండానే లేచిందంటే, ఈసారి బరువు కుడికాలి మీద వేసుకుని, ఇదంతా ఎడమకాలితో మొదలుపెట్టండి.